పది వేల అడుగుల కింద

తప్పు మా బావమరిదిది. మాట్లాడాల్సిన ఒక్క చోట నోరు మూసుకున్నాడు. దానివల్ల ఇరవై ఆరు మంది ఉద్యోగాలు పోయాయి, నా సంసారం పోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఎండలు ముదిరే ముందు మా విమానాల కంపెనీ దివాలా తీసింది. ఒక ఉదయం డ్యూటీకి వెళ్తే గేటు దగ్గర కాపలావాడు లేడు. అతనికి జీతం ఆగి మూడు నెలలైందట. పోతూ పోతూ కుర్చీ కూడా పట్టుకుపోయాడు. మాకు సంగతి తెలిసింది అలాగే. తర్వాత కోర్టు ఒక అధికారిని పెట్టింది. ఆయన్ని మేము కోర్టు మనిషి అనేవాళ్ళం. ఏసీ గదిలో కూడా మెడ తుడుచుకుంటూ కూర్చునేవాడు. విమానం ఎక్కాలంటే ఆయనకి భయమని అందరూ చెప్పుకునేవారు. వచ్చిన రెండు వారాల్లో పైలట్లతో ఉన్న పాత ఒప్పందాన్ని రద్దు చేయించాడు. జీతాలు ఇంచుమించు సగానికి కోశాడు. ఇకమీదట ఎవరికి వారు విడిగా వచ్చి కొత్త కాగితం మీద సంతకం పెట్టాలన్నాడు.

పైలట్లం మేము నూట ఎనభై మందిమి. పాత ఒప్పందం కుదుర్చుకున్న మా సొంత సంఘం దానితోపాటే పోయింది. అప్పుడు బయట నుంచి ఒక పెద్ద యూనియన్ వచ్చింది. మాలో సగం మందికి మించి దాని కార్డుల మీద సంతకాలు పెడితే, కంపెనీ ఆ యూనియన్‌తోనే మాట్లాడి తీరాలి. పెట్టకపోతే ఎవరి పాట్లు వారివి. లెక్కింపు వానలు మొదలయ్యే నెలలో. అప్పటిదాకా ఎవరు పెట్టారో బయటికి పొక్కకూడదు.

ఆ కార్డులు పట్టుకుని తిరిగినవాడు మా బావమరిది.

వాడికి తొమ్మిదేళ్ళప్పుడు మా అత్తగారు పోయారు. మా ఆవిడ వాడిని చెయ్యి పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చింది. మాకు పిల్లలు లేరు. భోజనాల బల్ల మీద స్కేలు పెట్టి, ఇది రన్‌వే అనుకోరా అని గాలి లెక్కలు నేర్పింది నేను. మొదటిసారి కో-పైలట్ కూర్చునే కుడి సీట్లో కూర్చోబెట్టి బెల్టు బిగించింది నేను. పెళ్ళయ్యాక రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నాడు. ఆ ఎండాకాలం వాడి భార్యకి ఏడో నెల.

ఒక మధ్యాహ్నం టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని వచ్చాడు. మూత తీస్తే లోపల కార్డులు.

"బావా, ఒక్క సంతకం పెట్టాలి."

"దేనికి?"

"చదివే పెట్టండి. చదవకుండా మీరు కరెంటు బిల్లు కూడా కట్టరని నాకు తెలుసు."

"చదివినా పెట్టను."

మా ఆవిడ లోపలి నుంచి నవ్వింది. "చూశావా చిన్నా, దిగడానికి అనుమతి అడగకముందే కాదనేశారు."

ఆమె పెళ్ళికి ముందు, తర్వాత కలిపి పదకొండేళ్ళు మా కంపెనీలోనే డ్యూటీ చార్టులు వేసింది. ఏ పైలట్ ఏ రోజు ఏ విమానంలో ఎవరితో వెళ్ళాలో పెన్సిల్‌తో గళ్ళు గీసి నింపే పని. మా భాషంతా ఆమెకి వచ్చు.

"ఎందుకు పెట్టరో చెప్పండి," అన్నాడు వాడు.

"నా నంబరు కోసం."

మా పనిలో మనిషికి పేరుకన్నా నంబరు ముఖ్యం. చేరిన తేదీని బట్టి వస్తుంది. ఏ విమానం నడపాలి, ఏ రోజు సెలవు, కష్టకాలంలో ముందు ఎవరిని తీసేయాలి, అన్నీ దాని ప్రకారమే. నాది ఆరు. వాడిది నూట నలభై ఒకటి. బయటి యూనియన్ వస్తే మమ్మల్ని వాళ్ళ పట్టికలో కలిపేస్తారనీ, నా ఆరు కాస్తా ఆరు వందలవుతుందనీ పుకారు పుట్టింది. ఎవరు పుట్టించారో ఇప్పుడు తెలుసు. అప్పుడు నమ్మాను.

"మీ ఆరు ఎక్కడికీ పోదు బావా. మరి నా సంగతి చూడండి. నిన్న సిబ్బందిని తీసుకెళ్ళే బస్సు డ్రైవరు నా జీతం ఎంతని అడిగాడు. చెప్పాను. పాపం, లేచి తన సీటే ఇవ్వబోయాడు."

మా ఆవిడ పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను ఊరి బడిలో చదువుకున్నవాణ్ణి. ఇద్దరికి ఒక పుస్తకం ఉండేది. అది నా వంతు వచ్చిన రోజు పొద్దుపోయేలోగా మొత్తం చదివి అప్పజెప్పేవాణ్ణి. అక్కడి నుంచి ఆరో నంబరు దాకా వచ్చాను. ఆ దారి ఎంత పొడుగో చెప్పినా వాడికి తెలియదు.

"ఆ డబ్బా మూసెయ్యి," అన్నాను.

వాడు మూశాడు. ఒక కార్డు మాత్రం బల్ల మీద వదిలేసి వెళ్ళాడు. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్ మీద పెట్టింది, నీళ్ళ సీసా తీసుకునేటప్పుడల్లా నాకు కనిపించేలా.

శిక్షణ కేంద్రం క్యాంటీన్‌లో మీటింగు పెట్టారు. కుర్చీలు చాలక చాలామంది కిటికీ గట్ల మీద కూర్చున్నారు. పంకా ఒకటే తిరుగుతోంది. ముందు మాట్లాడింది పట్టికలో ఒకటో నంబరు కెప్టెన్. ఆయన్ని అందరం పెద్దాయన అనేవాళ్ళం.

"నాకింకా పధ్నాలుగు నెలల సర్వీసు ఉంది. ఎవరొచ్చినా రాకపోయినా నాకు ఒరిగేదేమీ లేదు," అన్నాడాయన. "కానీ నా పక్క సీట్లో కూర్చునే పిల్లలు ఇంటి దగ్గర నుంచి అటుకుల పొట్లం తెచ్చుకుని మేఘాల మధ్య నములుతుంటే నాకు సిగ్గేస్తోంది. అంతే."

ఆయన ఎటు మొగ్గుతున్నాడో అందరికీ అర్థమైంది. నేను లేచాను. నాకు సభలో మాట్లాడే అలవాటు లేదు. నాలుగు మాటలే అన్నాను. కష్టకాలంలో కంపెనీ గొంతు మీద కాలు వేయకూడదన్నాను. ముప్పై ఏళ్ళ కష్టాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతిలో పెట్టకూడదన్నాను. కోర్టు మనిషి నాతో స్వయంగా చెప్పాడు, నంబర్ల పట్టిక జోలికి పోనని మాటిచ్చాడు అన్నాను.

వెనక గోడ దగ్గర నుంచి మా బావమరిది అందుకున్నాడు.

"మా బావగారి మాట నిజమే. ఆయనకి భయం లేదు. విమానంలో ఆయన సీటు ఎప్పుడూ తలుపు పక్కనే. నిప్పంటుకుంటే ముందు దిగేది ఆయన. తోక దగ్గర కూర్చున్నవాళ్ళం మేము."

క్యాంటీన్ అంతా గొల్లుమంది. పెద్దాయన కూడా మీసం చాటున నవ్వాడు. నేను శిక్షణ ఇచ్చిన కవలలిద్దరు ఉన్నారు, వాళ్ళయితే ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. కెప్టెన్ అన్నవాడు విమానంలోంచి అందరికన్నా చివర దిగుతాడు. వెనకదాకా నడిచి, ఒక్కొక్క వరసా చూసి, ఆ తర్వాత దిగుతాడు. వాడికి ఆ పాఠం చెప్పింది నేనే. వంద మందిలో నా మొహం మీద ఆ మాట అన్నాడు.

ఆ రోజు నుంచి నేను వాడితో మాట్లాడలేదు. వాడు ఇంటికి వస్తే నేను పెరట్లోకి వెళ్ళేవాణ్ణి. వాడు రెండుసార్లు "బావా" అన్నాడు. మూడోసారి అనలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం నేను బూట్లు తుడుచుకుంటుంటే మా ఆవిడ ఎదురుగా వచ్చి పీట వేసుకుని కూర్చుంది.

"ఈ రోజు మీ కుడి పక్కన ఎవరో చూశారా?"

చూడలేదు. చార్టు తీసి చూశాను. వాడి పేరే ఉంది.

"చార్టు ఎవరు వేశారు?" అన్నాను.

"ఇప్పుడు ఆ పని చేసే అమ్మాయికి గళ్ళు గీయడం నేర్పింది నేనే. ఒక్క మార్పు అడిగాను, కాదనలేదు." బూటు నా చేతిలోంచి తీసుకుని తనే తుడవసాగింది. "వెళ్ళడం రెండు గంటల యాభై, రావడం రెండు గంటల యాభై. తలుపు గడియ వేసి ఉంటుంది. ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, ఇద్దరూ ముందుకే చూస్తూ కూర్చోవచ్చు. పోట్లాడుకోవడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?"

"నాకు వాడితో మాట్లాడాల్సిన పని లేదు."

"మాట్లాడొద్దు. వినండి. వాడు పుట్టే బిడ్డకి మీ చేత్తో పేరు పెట్టించాలనుకుంటున్నాడు. వాడికి మీరు ఒట్టి బావే కాదు."

బూటు నా ముందు పెట్టింది. అందులో నా మొహం కనిపించేలా తుడిచింది.

వెళ్ళేటప్పుడు విమానం నేను నడిపాను. అవసరమైన మాటలు తప్ప మా మధ్య ఏమీ లేవు. వచ్చేటప్పుడు వాడి వంతు. బయల్దేరిన గంటకి కింద మేఘాలు పరుచుకున్నాయి. చేసే పని లేదు. కంట్రోలు వాళ్ళు కూడా పిలవడం మానేశారు.

"క్యాంటీన్‌లో అన్నది తప్పు బావా," అన్నాడు వాడు ముందుకే చూస్తూ. "మీరు చివర దిగుతారని నాకు తెలుసు. ఆ రోజు నోటి దురద."

నేను కాఫీ ఫ్లాస్కు వాడి వైపు జరిపాను. వాడు పోసుకున్నాడు. మా ఇద్దరికీ అది చాలు.

ఆ తర్వాత వాడి నోరు ఆగలేదు. జీతాల గురించి చెప్పాడు. పుట్టబోయే బిడ్డ గురించి చెప్పాడు. భార్యకి చెప్పకుండా సాయంత్రాలు కారు నడపడం నేర్పే స్కూల్లో పని చేస్తున్నానన్నాడు. "నిన్న ఒకావిడ గోడకి గుద్దబోయింది బావా. నేను అలవాటుగా 'ముక్కు ఎత్తండి, ముక్కు ఎత్తండి' అని అరిచాను." నాకు నవ్వొచ్చింది. మూడు వారాల తర్వాత నవ్వాను. ఆ నవ్వు కూడా కాక్‌పిట్ రికార్డరు టేపులో ఉంది.

"ఇంకా పదిహేడు మంది చాలు బావా. మీరు పెడితే మిమ్మల్ని చూసి పది మంది పెడతారు."

"ఇప్పటిదాకా పెట్టింది ఎవరు? నీలాంటి కుర్రకుంకలేగా?"

"అదేం మాట. పెద్దాయన పెట్టాడు."

"పెద్దాయనా?"

"మొదటి వారంలోనే. కవలలు పెట్టారు. గడ్డం కెప్టెన్ పెట్టాడు."

"ఇంకెవరు?" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. వాడు చెప్పకూడదు. కానీ అడిగింది నేను కాబట్టి చెప్పాడు. నేను గౌరవించేవాళ్ళని ఏరి ఏరి చెప్పాడు. పదకొండు పేర్లు. అసలు పేర్లతో, పూర్తిగా చెప్పాడు. నేను ఒక్కొక్క పేరుకీ "ఆహా" అంటూ పోయాను. మనసు కాస్త మెత్తబడింది. ఇంటికి వెళ్ళాక ఫ్రిజ్ మీద ఉన్న కార్డు తీసి ఒకసారి చదువుదామనుకున్నాను. ఆ సంగతి వాడికి చెప్పలేదు.

దిగడం మొదలుపెట్టాం. వాడు ఇంకా చెబుతూనే ఉన్నాడు.

"పాత ఒప్పందం పోయిందంటే జీతం ఒక్కటే పోయిందనుకుంటున్నారు అందరూ. దానితోపాటు ఏమేం పోయాయో ఎవరూ చూసుకోలేదు బావా. ఒకటి, మన నంబర్ల పట్టిక. అది ఆ ఒప్పందంలోదే. రెండు, విశ్రాంతి గంటలు. మూడు..."

"పది వేలు," అన్నాను.

విమానం పది వేల అడుగుల కిందికి వచ్చాక నడపడానికి పనికొచ్చే మాట తప్ప ఇంకో మాట ఆడకూడదు. అది నియమం. ఎత్తు చెప్పి ఊరుకుంటే చాలు, ఎదుటివాడు నోరు మూసుకోవాలి. వాడు మూసుకున్నాడు. మూడోది ఏమిటో నేను వినలేదు.

కింద ఎండ మండిపోతోంది. రన్‌వే మీద వేడిగాలి లేచి విమానాన్ని పైకి తోస్తోంది. ఆఖర్న ఆ గాలి ఒక్కసారి ఆగిపోయింది. వాడు విమానం ముక్కు ఎత్తడం అర క్షణం ఆలస్యమైంది. చక్రాలు నేలకి గట్టిగా గుద్దుకున్నాయి. నడుము నుంచి తలదాకా అదిరింది. విమానం నిలబడ్డాక పెద్ద ఎయిర్‌హోస్టెస్ లోపలికి తొంగి చూసి, "అందరూ బాగానే ఉన్నారు సార్. ఒక తాతగారి పళ్ళసెట్టు మాత్రం పక్కావిడ ఒళ్ళో దిగింది," అని చెప్పి వెళ్ళింది.

వాడు నవ్వలేదు.

"లాగ్ పుస్తకంలో రాయండి బావా. రాయాల్సిందే," అన్నాడు.

రాశాను. గట్టి ల్యాండింగ్, చక్రాలు తనిఖీ చేయాలి. ఇంజనీరు వచ్చి చదివి, "రెండు మూడు గంటలు పడుతుంది సార్. కరెంటు ఆపను, లోపల పని ఉంది," అని కిందికి దిగాడు.

కాక్‌పిట్‌లో మేము మాట్లాడే ప్రతి మాటా ఒక రికార్డరులోకి వెళ్తుంది. అందులో ఆఖరి రెండు గంటలే ఉంటాయి. కొత్తది వచ్చేకొద్దీ పాతది చెరిగిపోతుంది. ఇంజనీరు పని చేసే రెండు మూడు గంటలూ కరెంటు ఉంటే, మా మాటలన్నీ వాటంతటవే పోయేవి. ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు. కానీ ఏదైనా జరిగినప్పుడు రికార్డింగు చెరిగిపోకుండా ఉంచాలని కెప్టెన్‌కి అనిపిస్తే, దానికొక చిన్న నల్ల గుండీ ఉంది. దాన్ని లాగితే రికార్డరు ఆగిపోతుంది. లోపలున్నది అలాగే ఉండిపోతుంది. గట్టి ల్యాండింగ్‌కి అది లాగాలా వద్దా అన్నది పుస్తకం కెప్టెన్‌కి వదిలేసింది.

ఆ గుండీ కుడి సీటు వెనక గోడకి ఉంటుంది. నేను లేచాను. వాడి భుజం మీదుగా చెయ్యి చాపాను.

"బావా," అన్నాడు వాడు.

నా చెయ్యి ఆగింది. "ఏంటి?"

వాడు నా చేతి వైపు చూశాడు. తర్వాత ఎదురుగా అద్దంలోంచి రన్‌వే వైపు చూశాడు.

"ఏం లేదు," అన్నాడు.

లాగాను. టిక్కుమని చిన్న చప్పుడైంది.

గంటన్నర సేపు ఊపిరి తీసుకోకుండా మాట్లాడినవాడు ఆ ఒక్క క్షణంలో ఒక్క మాట అనలేకపోయాడు. తర్వాత మా ఆవిడ చెప్పింది ఎందుకో. ల్యాండింగ్ చెడగొట్టింది వాడు. టేపు ఆపొద్దు అంటే తన తప్పు దాచిపెట్టమని కెప్టెన్‌ని అడిగినట్టవుతుంది. నా దగ్గర నేర్చుకున్నవాడు అలా అడగడట. అడిగి ఉండాల్సింది. నేను తిట్టేవాణ్ణి. తిట్టినా పోయేదేముంది.

ఎనిమిది రోజుల తర్వాత వాడిని ఆఫీసుకి పిలిచారు. ల్యాండింగ్ గురించి విచారణ అన్నారు. సాయంత్రం వాడు నేరుగా మా ఇంటికి వచ్చాడు. చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయి ఉంది. నేను ఇంట్లోనే ఉన్నాను. నా వైపు చూడలేదు. వంటింటి గడప దగ్గర నిలబడి వాళ్ళక్కతో చెప్పాడు.

"ల్యాండింగ్ గురించి ఆఖరి నాలుగు నిమిషాలు వింటే చాలక్కా. వాళ్ళు మొదటి నుంచి విన్నారు. ఆపి ఆపి విన్నారు. పక్కన ఒకడు కూర్చుని పేర్లు రాసుకున్నాడు."

"అలా వినకూడదు," అన్నాను నేను. "రికార్డరులో మాటలు ప్రమాదాల విచారణకి తప్ప దేనికీ వాడకూడదు. అది చట్టం."

"చట్టం కాదు బావా," అన్నాడు వాడు, అప్పటికీ నా వైపు చూడకుండానే. "ఒప్పందం. మూడోది అదే."

ఆ వారం చివర నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. అవసరానికి మించిన సిబ్బంది ఇరవై ఆరు మంది. వాడు చెప్పిన పదకొండు మందీ అందులో ఉన్నారు. వాడు కాక మిగతా పధ్నాలుగు మంది, ఏరినట్టు కనిపించకుండా అక్కడక్కడా కలిపినవాళ్ళు. వాడి పేరు ఆఖర్న ఉంది. పెద్దాయన పేరు పైన ఉంది. పట్టికలో ఒకటో నంబరు ఉన్నవాణ్ణి తీసేయడం నేను అంతవరకు ఎరగను. ఆయన బోర్డు దగ్గరికి వచ్చి, కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చదివాడు. నన్ను చూసి, "ఏమయ్యా ఆరూ, ఇప్పుడు నువ్వు ఐదు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

భయపడినవాళ్ళు కార్డులు వెనక్కి తీసేసుకున్నారు. లెక్కింపు రోజుకి యాభై రెండు మిగిలాయి. నేను కొత్త కాగితం మీద సంతకం పెట్టాను. చదివే పెట్టాను. అందులో నంబర్ల మాట ఎక్కడా లేదు. అడిగితే కోర్టు మనిషి మెడ తుడుచుకుని, "పాతవన్నీ పోయాయి కదండీ," అన్నాడు.

ఇక ఇంటి సంగతి.

నోటీసు అంటించిన రోజు మా ఆవిడ నన్ను ఒక్కటే అడిగింది. బట్టలు మడతపెడుతోంది. తల ఎత్తలేదు.

"గుండీ లాగింది మీరేనా?"

"నేనే. రూలు..."

"ఆ రూలు కెప్టెన్‌కే వదిలేసింది కదా."

"అవును."

"పేర్లు చెప్పమని వాడిని అడిగింది కూడా మీరేనా?"

ఆమె మడత పూర్తి చేసింది. చొక్కా మీద చొక్కా పెట్టింది. "మీ ఇద్దరినీ ఒక గదిలో పెట్టింది నేను," అంది. అది నాతో అనలేదు. చొక్కాలతో అంది.

మర్నాడు పొద్దున్న ఫ్రిజ్ మీద కార్డు లేదు. బల్ల దగ్గర కూర్చుని నేను మొదలుపెట్టాను. నాకు తెలియదని చెప్పాలి. ఒప్పందంలో ఏముందో నాకు ఎవరూ చెప్పలేదని చెప్పాలి. వాడు నోరు తెరిచి ఒక్క మాట అని ఉంటే ఆగేవాణ్ణని చెప్పాలి. "అసలు ఆ రోజు ఏం జరిగిందంటే," అన్నాను.

"పది వేలు," అంది ఆమె.

కోపంగా అనలేదు. నేను కాక్‌పిట్‌లో అన్నట్టే అంది. గ్లాసులో నీళ్ళు పోసి నా ముందు పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాలుగేళ్ళు మేము పది వేల అడుగుల కిందే ఉన్నాం. గ్యాస్ అయిపోయింది. మీ చొక్కా బొత్తాం ఊడింది, కుట్టాను. రేపు నీళ్ళు రావు. వర్షం వస్తోంది, కిటికీ వేయండి. అబద్ధం ఎందుకు, ఏ పనీ తక్కువ చేయలేదు. నా బూట్లు తుడిచింది. నా మాత్రలు వేళకి ఇచ్చింది. నేను జోకు వేస్తే వినేది. నవ్వేది కాదు. ఆదివారాలు రెండు వీధుల అవతలికి వెళ్ళేది. వాడికి కూతురు పుట్టింది. పేరు ఏం పెట్టారని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. కొన్నాళ్ళకి ఆమె ఫోనులో పిలుస్తుంటే విని తెలుసుకున్నాను.

వాడు రెండేళ్ళు కార్లు నేర్పుతూ గడిపాడు. ఆ తర్వాత సరుకులు మోసే విమానాల్లో పని దొరికింది. కుడి సీట్లోనే. నా నంబరు ఐదు అయింది, నాలుగు అయింది. దానికి ఎవరూ ఏమీ ఇవ్వలేదు. రిటైరైన రోజు ఒక శాలువా, ఒక గోడ గడియారం ఇచ్చారు. గడియారం ఆగిపోయింది. బ్యాటరీ వేయలేదు.

మా ఆవిడ పోయింది ఒక ఉదయం, డాబా మీద బట్టలు ఆరేస్తూ. గుండె అన్నారు డాక్టర్లు. నాతో ఆఖరిగా అన్న మాట, "క్లిప్పులు అందుకోండి." అందుకున్నాను. తిరిగి ఇచ్చేలోపు కూర్చుండిపోయింది. నేను డాబా మెట్ల మీద ఎంతసేపు ఉన్నానో తెలియదు, క్లిప్పుల డబ్బా చేతిలోనే ఉంది.

వాడు వచ్చాడు. చేయాల్సినవన్నీ నాతోపాటు చేశాడు. పది రోజులు వచ్చాడు. పదకొండో రోజు ఆమె పెన్సిళ్ళ డబ్బా అడిగాడు, చార్టులు గీసినప్పటిది. ఇచ్చాను. ఇద్దరం భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాం. నేనే టీ పెట్టాను. బాగా కుదరలేదు. వాడు తాగుతున్నాడు.

"బావా, ఒకటి అడుగుతాను," అన్నాడు. జుట్టు నెరిసింది వాడికి. "కోపం లేదు. అక్క కూడా ఇది తెలియకుండానే పోయింది. ఆ గుండీ మీద చెయ్యి వేసినప్పుడు మీకు గుర్తొచ్చింది పుస్తకమా, క్యాంటీనా?"

నేను వాడి గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళాను. కడిగాను. కడిగిందే మళ్ళీ కడిగాను. బయటికి వచ్చేసరికి వాడు గడప దగ్గర చెప్పులు వేసుకుంటున్నాడు. నా కోసం కాసేపు ఆగాడు. తర్వాత తల ఊపి, పెన్సిళ్ళ డబ్బా చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు.

ఏది గుర్తొచ్చిందో నాకు తెలుసు. వాడికి చెప్పలేదు. ఇక్కడ రాయను. వాడు మళ్ళీ వచ్చి అడిగినా, ఆ కూతురు పెద్దదై వచ్చి అడిగినా, ఈ సంగతి ఇక నా నోట రాదు.